అద్దం మెరుపు దగ్గర ఆగిపోయిన మూడు కత్తులు: ఒక ఫినిషింగ్ కేసు

నేపథ్యం

ఒకే విడతలో చేసిన మూడు వంటింటి కత్తులు, మూడింటికీ ఒకే జబ్బు: మెరుపు అడుగున పోని గీతలు, తుప్పు చుక్కలు. బాగుచేయడానికి మా దగ్గరికి వచ్చాయి. చేసినాయనకు నాలుగేళ్ల అనుభవం ఉంది. రెండంగుళాల వెడల్పు, డెబ్బై రెండంగుళాల పొడవున్న బెల్టు తిరిగే గ్రైండరు, చిన్న కరెంటు కొలిమి, చేతిపనికి ఒక బెంచీ ఆయన సరంజామా. గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ ఇక్కడ తీసేశాం.

ఉక్కు 1095. ఇందులో కార్బన్ 0.90 నుంచి 1.03 శాతం, మాంగనీసు 0.30 నుంచి 0.50 శాతం ఉంటాయి. తుప్పును ఆపేంత క్రోమియం ఉండదు. అందుకే చక్కగా పదునెక్కుతుంది, అంత చక్కగానూ తుప్పు పడుతుంది. అలుగు పొడవు 210 మి.మీ., మడమ (పిడి వైపు చివర) దగ్గర వెన్ను మందం 2.4 మి.మీ., వెన్ను నుంచి పదునంచు దాకా బల్లపరుపుగా దిగే గ్రైండు. 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు ఉంచి, వేగంగా చల్లార్చే నూనెలో ముంచి, 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు టెంపర్ చేశారు (పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడి చేశారు). గట్టిదనం, రాక్‌వెల్ కొలమానంలో, 61 హెచ్‌ఆర్‌సీ వచ్చింది. వేలెత్తి చూపాల్సింది ఒక్కటే ఉంది: కొలిమిలో అలుగుకు పూత వేయలేదు, రేకు చుట్టలేదు. వేడి మీద ఉన్నంతసేపూ దానికి గాలి తగులుతూనే ఉంది. ఆ సంగతి తర్వాత బయటపడింది.

కొనేవాళ్లు అద్దంలా మెరవాలన్నారు. తయారీదారు ఒప్పుకున్నారు. ఆ ఉక్కుకీ, ఆ వాడకానికీ ఈ మెరుపు తగునా అన్న ప్రశ్న ఆ మాటల్లో రానేలేదు.

వచ్చినప్పుడు ఉన్న పరిస్థితి

దూరం నుంచి చూస్తే మూడూ మెరుస్తున్నాయి. కిటికీ చట్రం ప్రతిబింబాన్ని అలుగు మీద చూస్తూ కత్తిని మెల్లగా తిప్పితే మాత్రం ఆ చట్రం నీళ్లలో నీడలా అలలు పోతోంది. అంటే ఉపరితలం చదునుగా లేదు. పిడి ముందు గ్రైండు మొదలయ్యే ప్లంజ్ గీత ఖచ్చితమైన అంచుతో ఉండాల్సింది, సబ్బు బిళ్ల అంచులా కరిగిపోయింది.

గది దీపాలార్పి, ఒక్క దీపాన్ని బెంచీ ఎత్తులో పక్క నుంచి పడేలా పెట్టి, పది రెట్ల భూతద్దంతో చూశాం. మెరుపు అడుగున రెండు రకాల గీతలున్నాయి. మొదటివి వెన్ను నుంచి పదునంచు వైపు నిలువుగా, సమానమైన ఎడంతో ఉన్నాయి. రెండోవి అలుగు పొడవునా పోయి, చివర చిన్న కొక్కెంలా వంగాయి. నిలువు గీతల అడుగున నారింజ రంగు చుక్కలు దారానికి గుచ్చిన పూసల్లా వరసగా ఉన్నాయి. తుప్పు మెరిసే చోట పుట్టలేదు. నీళ్లు నిలిచే సందు చూసుకుని గీతల అడుగున పుట్టింది. తయారీదారు తుప్పునూ గీతలనూ రెండు వేర్వేరు సమస్యలనుకున్నారు. ఈ చుక్కల వరస చూశాక రెండూ ఒకటేనని తేలింది.

గీత దిశ చూస్తే అది ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. బెల్టు గ్రైండరు మీద అలుగును అడ్డంగా పెట్టి పట్టిస్తాం కాబట్టి బెల్టు గీత ఎప్పుడూ నిలువుగానే పడుతుంది. పొడవునా పడే గీత చేత్తో రుద్దే గరుకు కాగితానిది. కాబట్టి పాపం ఇద్దరిదీ. ఎవరి వాటా ఎంతో తేల్చాలి.

అప్పటికే ఏం చేసి చూశారు

మొదట బఫింగ్ చక్రం మీద ఇంకాసేపు పట్టించారు. గీతలు కనపడుతుంటే అందరి చెయ్యీ ముందు అటే పోతుంది. కానీ గుడ్డ చక్రం మెత్తనిది. అది గీతలోకి దిగి దాని భుజాలను గుండ్రం చేస్తుందే తప్ప అడుగును పైకి తేలేదు. సన్నని లోతైన గీత కాస్తా వెడల్పైన మెత్తని గాడి అవుతుంది, ఎదురుగా చూస్తే మాయమైనట్టే ఉంటుంది. పైగా చక్రం అంచుల దగ్గర ఎక్కువగా, మధ్యలో తక్కువగా కోస్తుంది. ప్రతిబింబంలోని అలలూ కరిగిన ప్లంజ్ గీతా ఆ చక్రం చలవే. కత్తి పనిలో చాలా ప్రమాదకరమైన యంత్రం కూడా ఇది. మొన చక్రానికి తగులుకుంటే కత్తి చేతిలోంచి లాగేసి విసిరేస్తుంది. ఇంత ప్రమాదం మోసి తెచ్చుకున్నది గీతలను దాచే పని మాత్రమే.

తర్వాత చేతి కాగితంతో ఇంకా నున్నగా పోయారు: పి400, పి800, పి1200, పి2000 (అంకె పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది). ఒక్కో కత్తికి పదకొండు గంటలు పట్టింది. ప్రతి మెట్టులోనూ అలుగు మరింత నున్నబడింది, నున్నబడిన కొద్దీ పాత నిలువు గీతలు మరింత స్పష్టంగా బయటపడ్డాయి. ఇందులో వింతేమీ లేదు. పి120 గింజ సుమారు 125 మైక్రాన్లు, పి2000 గింజ పదికి కాస్త పైన. 125 మైక్రాన్ల గింజ తవ్విన గాడిని పది మైక్రాన్ల గింజతో పూడ్చాలని చూస్తే పదకొండు గంటలు కాదు, నూట పది గంటలైనా చాలవు.

చివరికి ఆమ్ల ద్రావణమైన ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచారు. అలుగంతా నల్లబడితే గీతలూ నలుపులో కలిసిపోతాయని ఆశ. జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆమ్లం ప్రతి గీతనూ గీసి చూపించింది, దాంతోపాటు అలుగు మీద తెల్లటి మచ్చలు తేలాయి. ఆ కత్తిని తిరిగి బఫ్ చేసి మచ్చలు తీసేశారు. ఆ దశలో మూడూ మా బెంచీ మీదికి వచ్చాయి.

మేం ముందు చేసిన పరీక్షలు

తీసేసిన ఆ మచ్చలే మాకు అన్నిటికన్నా పనికొచ్చే ఆధారం అనిపించింది. అందుకే వాటిని కావాలనే మళ్లీ రప్పించాం. అలుగును అసిటోన్‌తో కొత్త గుడ్డ పెట్టి తుడిచి, సబ్బుతో కడిగి, నీళ్లు పోసి చూశాం. నీరు తెగకుండా ఒకే పొరగా జారితే నూనె లేనట్టు, చుక్కలుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు. మొదటిసారి చుక్కలు కట్టింది. బఫింగ్ మైనం గీతల్లో ఇరుక్కుపోయింది మరి. మూడోసారి కడిగాకే పొర నిలబడింది. అప్పుడు పలచని ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఇరవై సెకన్లు ముంచాం.

పాత మచ్చల్లో కొన్ని ఈసారి రాలేదు. అవి నూనె మచ్చలు. వెన్ను పక్కన, మొన దగ్గర ఉన్నవి మాత్రం అవే చోట్ల, అదే ఆకారంలో మళ్లీ తేలాయి. అక్కడ ఆకురాయిని తేలిగ్గా ఆనిస్తే కొద్దిగా పట్టింది. పక్కనే నల్లబడిన చోట జారిపోయింది. అంటే అక్కడి లోహం మెత్తగా ఉంది. కొలిమిలో గాలి తగిలి పైపొరలో కార్బన్ పోయింది. కార్బన్ తగ్గిన ఉక్కు ఆమ్లంలో తక్కువగా నల్లబడుతుంది. గ్రైండింగ్‌లో ఆ పొర చాలాచోట్ల పోయింది, మందం ఎక్కువ వదిలిన చోట్ల మిగిలిపోయింది. దానికి ఎంత మెరుగు పెట్టినా ఇలా ఆమ్లంలో ముంచే ఎచింగ్‌లో రంగు తేడా పోదు. కోసి తీసేయాల్సిందే.

ఇక కాగితాల సంగతి. ఆయన బెల్టుల వెనక 120, 220, 400 అని అంకెలు మాత్రమే ఉన్నాయి. చేతి కాగితం వెనక అంకెకు ముందు పి అక్షరం ఉంది. రెండూ వేర్వేరు కొలమానాలు. పి ఉన్నది యూరప్ పద్ధతి, లేనిది సాధారణంగా అమెరికన్ పద్ధతి. ముతక గ్రిట్లలో రెండూ దగ్గరగానే నడుస్తాయి, 220 దాటాక విడిపోతాయి. అమెరికన్ 400 గింజ సుమారు 23 మైక్రాన్లు, పి400 గింజ 35. అంటే 400 బెల్టు తర్వాత పి400 కాగితం పట్టుకుంటే ఒక మెట్టు వెనక్కి వచ్చినట్టే. వెనక్కి రావడం తప్పు కాదు, తెలిసి వస్తే మంచి పద్ధతి కూడా. ఈయన తెలియక వచ్చారు. ‘అదే 400 కదా’ అనుకుని పది నిమిషాలు రుద్ది, తిన్నగా పి800కి పోయారు. పొడవు గీతలు అక్కడ పుట్టాయి. (కొన్ని రకాల బెల్టుల మీద ఎ45, ఎ30, ఎ16 అని ఉంటుంది. అక్కడ అంకె తగ్గేకొద్దీ నునుపు పెరుగుతుంది. కొత్తవాళ్లు అక్కడా బోల్తా పడతారు. అంకెను నమ్మేముందు అది ఏ పద్ధతిదో చూసుకోవాలి.)

నిలువు గీతల మూలం ఇంకా మామూలుది. బెల్టు 60, 120, 220, 400 అన్నీ ఒకే దిశలో నడిచాయి. 120 గీత మీద 220 గీత అదే దిశలో పడితే పాతది పోయిందో లేదో కంటికి తెలియదు. పైగా బెల్టులను అరిగేదాకా వాడారు. అరిగిన బెల్టు కోయదు, రుద్దుతుంది. రుద్దినచోట వేడి పుడుతుంది, మెరుపూ వస్తుంది. ఆ మెరుపు చూసి గీత పోయిందనుకుంటాం.

ఏ ఫినిష్ అన్న నిర్ణయం

పని మళ్లీ మొదలుపెట్టేముందు అసలు ఏ ఫినిష్ కావాలో తేల్చాలి. ఎందుకంటే మిగిలిన లోహం లెక్కపెట్టుకుని ఖర్చు చేయాలి. పదునంచుకు ఒక మి.మీ. పైన మందం కొలిస్తే మొదటి కత్తికి 0.50, రెండోదానికి 0.45, మూడోదానికి 0.28 మి.మీ. వచ్చింది.

అద్దం మెరుపు సాధ్యమే. కానీ ఈ కత్తి రోజూ వాడేది, తరచూ సానరాయి మీదికి పోయేది. మొదటి వారంలోనే గీత పడుతుంది, అద్దం మీద పడ్డ ఒక్క గీత వంద గీతలంత కనపడుతుంది. దాన్ని వాడేవారు ఇంట్లో సరిచేసుకోలేరు. నున్నటి ఉపరితలం మీద తుప్పు కాస్త ఆలస్యమవుతుందన్నది నిజమే, కానీ క్రోమియం లేని ఉక్కుకు ఆ లాభం తుడవడం మరిచిన ఒక్క రాత్రితో సరి.

రాళ్లతో కలిపి డ్రమ్ములో దొర్లించే స్టోన్‌వాష్ వాడకపు గీతలను బాగా దాస్తుంది. మందపాటి చిన్న కత్తులకు అది మంచి మార్గం. 210 మి.మీ. పలచటి అలుగును అలా దొర్లిస్తే పదునంచు దెబ్బతినే ప్రమాదం ఉంది. వేడితో నీలం రంగు తెప్పించాలంటే దాదాపు 300 డిగ్రీలకు తీసుకుపోవాలి. 200 దగ్గర టెంపర్ చేసిన 1095 అక్కడ నాలుగైదు హెచ్‌ఆర్‌సీ కోల్పోతుంది. రంగు కోసం పదును అమ్ముకున్నట్టు. సీసాల్లో దొరికే చల్లని బ్లూయింగ్ ద్రావణాల్లో సెలీనియం సమ్మేళనాలుంటాయి, ఆహారం తగిలే కత్తికి అవి వద్దేవద్దు. ఇన్‌స్టంట్ కాఫీ చిక్కగా కలిపి గంటల తరబడి ముంచే పద్ధతి మాంగనీసు ఎక్కువున్న ఉక్కులకు గాఢమైన నలుపునిస్తుంది. 1095లో మాంగనీసు తక్కువ కాబట్టి బూడిద రంగు దగ్గరే ఆగుతుంది.

మిగిలింది చేత్తో రుద్దిన సాటిన్, అంటే సన్నని గీతలన్నీ ఒకే దిశలో ఉండే, అద్దంలా మెరవని ఫినిష్. పి600 దగ్గర ఆపి, దాని మీద ఫెర్రిక్ క్లోరైడ్‌తో పలచని బూడిద రంగు పొర. తేల్చింది ఒకే కారణం: వాడేవారి చేతిలో ఒక చెక్కముక్క, ఒక పి600 కాగితం ఉంటే గీత పడినచోట అదే దిశలో పదిహేను నిమిషాలు రుద్దుకుని సరిచేసుకోవచ్చు. ఇదే మాట తయారీదారు కొనేవాళ్లకు చెప్పారు. ముగ్గురూ ఒప్పుకున్నారు.

మళ్లీ మొదటికి

బఫ్ చేసిన అలుగును పి120కి వెనక్కి తేవడానికి ఎవరికీ మనసొప్పదు. పదకొండు గంటల పని నలభై నిమిషాల్లో పోతుంది. తయారీదారు పి220 నుంచి మొదలుపెడదామన్నారు. కానీ కార్బన్ పోయిన పొర తీయాలన్నా, అలలు చదును చేయాలన్నా లోహాన్ని కోయాలి, ఆ పని 220 చేయలేదు. ఇక్కడ మొహమాటపడితే తర్వాతి నాలుగు గంటలు దండగ.

కొత్త సిరామిక్ పి120 బెల్టు, గట్టి చదును ప్లేటు. అలుగంతా నీలం మార్కరుతో పూసి, రెండు పట్లు పట్టించి చూడటం. రంగు మిగిలినచోటు పల్లం. చేతులకు తొడుగుల్లేకుండా పట్టుకుని ప్రతి పట్టుకూ నీళ్లలో ముంచాం. వేళ్లు ఓర్చుకోలేని వేడి దగ్గర ఆగితే టెంపర్‌కు ముప్పుండదు, పదునంచు గోధుమ రంగుకు తిరిగిందంటే అప్పటికే అక్కడ గట్టిదనం పోయినట్టు. మూతికి రెస్పిరేటర్ తప్పనిసరి. ఒక్కో పక్క 0.08 మి.మీ. తీశాక ఇరవై సెకన్ల పరీక్ష ముంపులో తెల్ల మచ్చలు రాలేదు.

మొదటి కత్తి మందం 0.50 నుంచి 0.34కు, రెండోది 0.45 నుంచి 0.29కి వచ్చాయి. వంటింటి కత్తికి ఇంకా బాగా తెగే కొలతలే. మూడోదాని నుంచి అంతే తీస్తే 0.12 మిగులుతుంది, పదునంచు రేకులా వంగుతుంది. దాని సంగతి తర్వాత.

పి220 బెల్టుకు మారినప్పుడు అలుగును పది పదిహేను డిగ్రీలు వాల్చి పట్టించాం. కొత్త గీత పాతదాన్ని దాటుతూ పడుతుంది కాబట్టి 120 గీత ఒక్కటి మిగిలినా వెంటనే కనపడుతుంది. మొత్తం కేసులో అన్నిటికన్నా తక్కువ శ్రమతో ఎక్కువ లాభమిచ్చిన మార్పు ఇదే అనుకుంటాం.

చేతిపని

బెల్టును పి220 దగ్గర ఆపేసి చేతికి మారాం. కత్తిని పదును పెట్టకముందే, మొన బయటికి రాకుండా చెక్క పలకకు బిగించాలి. చెయ్యి జారితే మొన మీదికే పోతుంది మరి. కాగితం 230 × 280 మి.మీ. షీటు. 25 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోస్తే పదకొండు వస్తాయి. వెనక ఆసరాగా గట్టి మికార్టా (రెజిన్‌తో గట్టిపరిచిన గుడ్డ పలక) ముక్క. వేలితో నొక్కి రుద్దితే వేలి ఆకారంలో పల్లాలు పడతాయి, రబ్బరు ముక్కతోనూ అంతే. నీళ్లలో కొద్దిగా వంటసోడా, ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు. సోడా క్షార గుణం వల్ల తడి అలుగు మీద వెంటనే తుప్పెక్కదు.

చేతి పి220 అలుగు పొడవునా. బెల్టు గీతలకు ఇది అడ్డం, కాబట్టి పని పూర్తయిందో లేదో సందేహం ఉండదు. రెండు పక్కలకూ కలిపి 110 నిమిషాలు పట్టింది. తర్వాతి మెట్లన్నీ కలిపితే దీనికన్నా పది నిమిషాలే ఎక్కువ: పి320 ఒక వైపుకు ముప్పై డిగ్రీల ఏటవాలుగా 45 నిమిషాలు, పి400 దానికి ఎదురు ఏటవాలుగా 35, పి600 తిరిగి పొడవునా 25, ఆఖరి లాగుళ్లు 15. బెల్టు పని 40 నిమిషాలు కలుపుకుంటే కత్తికి నాలుగున్నర గంటలు. పట్టీని రెండు మూడు నిమిషాలకోసారి మార్చాలి. కాగితం పొదుపు చేస్తే గంటలు ఖర్చవుతాయి.

ప్రతి మెట్టు తర్వాత పలక కడగడం, నీళ్లు మార్చడం, గుడ్డ మార్చడం. పి600 చేస్తుండగా బెంచీ మీద మిగిలిన ఒక్క పి220 గింజ కాగితం కిందికి చేరితే అలుగంతా తీసుకుపోయి గీసేస్తుంది.

పి320 అయ్యాక మళ్లీ ఒక పరీక్ష ముంపు. తయారీదారు దీన్ని అనవసరమన్నారు, కంటికి అంతా బాగానే ఉంది. రెండో కత్తి మొన దగ్గర మూడు నిలువు గీతలు నల్లగా తేలాయి. బెల్టు పి120వి. పి320 దగ్గర దొరికాయి కాబట్టి చేతి పి220కి తిరిగిపోవడానికి ఇరవై నిమిషాలే పట్టింది. పి600 తర్వాత దొరికి ఉంటే మూడు మెట్లు వెనక్కి. ఎచింగ్‌ను అందరూ ఆఖరి అలంకారంగా చూస్తారు. ఈ పనిలో దాని అసలు ఉపయోగం మధ్యలోనే ఉంది.

కొక్కెం గీతల సంగతి. ముందుకీ వెనక్కీ రుద్దుతూ దిశ మార్చినచోట కాగితం ఒక క్షణం ఆగుతుంది, కాస్త మెలి తిరుగుతుంది, గింజ అక్కడే తవ్వుకుని వంపు తిరిగిన గీత వదులుతుంది. ప్లంజ్ దగ్గర ఇవి ఎక్కువగా పోగవుతాయి, చెయ్యి ఆగేది అక్కడే కాబట్టి. అందుకే పి600 ఆఖరి విడతలో మికార్టా స్థానంలో ఒక మి.మీ. తోలు అతికించిన ఉక్కు పట్టీ వాడాం, ప్లంజ్ నుంచి మొన వైపు ఒకే దిశలో లాగాం. కాగితం కదలడం మొదలయ్యాకే బరువు వేయాలి, మొన దాటుతూ లేపేయాలి, అలుగు మీద ఎక్కడా ఆపకూడదు. రెండు మూడు లాగుళ్లకో కొత్త చోటు. ఇది రుద్దడం కాదు, దువ్వడం అనుకుంటే చేతికి త్వరగా వస్తుంది.

రంగు పొర

ద్రావణం: బజారులో దొరికే సుమారు 40 శాతం ఫెర్రిక్ క్లోరైడ్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ ఐదు వంతులు. నీళ్లలో ద్రావణం పోయాలి, ద్రావణంలో నీళ్లు కాదు. ప్లాస్టిక్ లేదా గాజు పాత్ర. కళ్లద్దాలు, చేతి తొడుగులు, గాలి ఆడే చోటు. స్టెయిన్‌లెస్ సింకులో పడితే దాన్నీ తినేస్తుంది. వాడి పారేసేటప్పుడు వంటసోడాతో పొంగు ఆగేదాకా విరిచి, మడ్డిని ప్రమాదకర వ్యర్థంగానే పంపాలి, కాలువలోకి వదలకూడదు.

మొదటి కత్తి మొదటి ముంపు చెడింది. ప్లంజ్ చుట్టూ వేలి ముద్రంత లేత రంగు మచ్చ. కారణం వెతకనక్కర్లేకపోయింది: అసిటోన్ గుడ్డ అంతకుముందు వాడినది. కరిగిన నూనెను ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట పూసింది. నీటి పొర పరీక్షను మొన వైపు మాత్రమే చూసి వదిలేయడం మా తప్పు. పి600తో ఆ పక్క మళ్లీ దువ్వి, కొత్త గుడ్డతో తుడిచి, అలుగంతా పొర నిలిచాకే ముంచాం.

అలుగు మొత్తం మునగాలి. సగం ముంచితే ద్రావణం ఉపరితలం దగ్గర నల్లటి గీత పడుతుంది, అది పోదు. 60 సెకన్లు ముంచి, కడిగి, పైన చేరిన నల్లటి మసిని పి2000 కాగితంతో చాలా తేలిగ్గా పొడవునా తుడిచి, మళ్లీ ముంచాం. అలా మూడుసార్లు. చివర లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపిన నీటిలో పది నిమిషాలు. ఇది సరిగా చేయకపోతే గీతల్లో మిగిలిన ఆమ్లం తెల్లారేసరికి నారింజ రంగు పొడి తెస్తుంది. ఆరబెట్టి, ఆహారానికి పనికొచ్చే మినరల్ ఆయిల్ పలచగా రాశాం. వంట నూనెలు కొన్నాళ్లకు జిగురుగా మారతాయి, అందుకే వద్దన్నాం.

పిడి అతికించేటప్పుడు అలుగుకు టేపు చుట్టాం. మొదటి కత్తికి పిడి ముందు పొంగిన ఎపాక్సీ జిగురును, గట్టిపడక ముందే దూది పుల్లకు అసిటోన్ తడిపి తీశాం. రెండోదానికి తయారీదారు అలవాటుగా చాకు మొనతో గీకారు. రెండు గీతలు పడ్డాయి, ఆ అంగుళం మేర పి600తో మళ్లీ దువ్వి రంగు వేయాల్సొచ్చింది. అతుకు వెతికితే ఇప్పటికీ కనపడుతుంది.

మూడో కత్తి

0.28 మి.మీ. మందంతో దీనికి రెండు దారులున్నాయి. లోహం తీసి గీతలు పోగొట్టి పదునంచును బలి పెట్టడం ఒకటి, గీతలతో రాజీ పడటం ఇంకొకటి. కత్తి ఉన్నది కోయడానికే కాబట్టి రెండోది ఎంచుకున్నాం. అయితే నిలువు గీతలను అలాగే వదిలేస్తే తుప్పుకు ఇల్లిచ్చినట్టే. వెన్ను వైపు సగంలో మందం ఉంది కాబట్టి అక్కడ పి120 బెల్టుతో కొంత తీశాం. పదునంచు వైపు పది మి.మీ. పట్టీని బెల్టు తాకలేదు, చేతి పి220తో పొడవునా రుద్ది, గీతల భుజాలు తగ్గించి, అక్కడే ఆపేశాం. మొత్తం అలుగును పి220 సాటిన్‌గానే ఉంచాం. కింద పి220, పైన పి600 ఉంటే లోపం ఎత్తి చూపినట్టవుతుంది. పలచబడిన గీతలు ముతక సాటిన్ అడుగున, బూడిద రంగు పొర కింద చాలావరకు కలిసిపోయాయి. మొన దగ్గర ఒక తెల్ల మచ్చ నీడలా మిగిలింది. దాన్ని కొనేవారికి ముందే చూపించి, ధర తగ్గించి ఇచ్చారు.

తర్వాత ఎలా ఉంది

రెండు నెలల తర్వాత మూడు కత్తులనూ మళ్లీ చూశాం. మొదటి రెండింటి మీద తుప్పు చుక్కల్లేవు. సానరాయి తగిలే చోట, పదునంచుకు పైన వేలెడు వెడల్పున రంగు పొర పలచబడింది. వాడకంలో పుట్టిన నీలి బూడిద రంగు దాని చోటు తీసుకుంటోంది. మొదటి కత్తి వాడేవారు ఒక గీతను తామే పి600తో దువ్వుకున్నారు, దిశ సరిగ్గానే పట్టారు. రెండోదాన్ని కొన్నాళ్లు తోలు ఒరలో ఉంచారట, మడమ దగ్గర సన్నని గోధుమ రంగు చార వచ్చింది. తోలు తేమ పట్టుకుంటుంది, చర్మశుద్ధి చేసిన తోలులో ఆమ్ల గుణమూ ఉంటుంది. మినరల్ ఆయిల్‌తో తుడిస్తే చార చాలావరకు పోయింది. ఒరను దారిలో వాడమని, ఇంట్లో చెక్క స్టాండులో పెట్టమని చెప్పాం.

మూడో కత్తి మీద మొన దగ్గరి నీడ మచ్చ రెండు నెలల వాడకపు రంగులో కలిసి, వెతికితే తప్ప కనపడటం లేదు. పదునంచు వైపు పట్టీలో రెండు చుక్కల తుప్పు కనిపించింది. రెండూ పాత నిలువు గీతల మీదే. సోడా ముద్దతో రుద్ది తీసి నూనె రాశాం. ఆ పట్టీ మళ్లీ మళ్లీ చూసుకోవాల్సిన చోటని వాడేవారికి చెప్పాం.

తయారీదారు తన బెల్టులకూ కాగితాలకూ వెనక మార్కరుతో గింజ పరిమాణం మైక్రాన్లలో రాసుకుంటున్నారు: 125, 68, 46, 35, 26. తర్వాతి విడత అలుగులను కొలిమిలో పెట్టేముందు కార్బన్ పోకుండా పూత పూశారు, గ్రైండింగ్‌కు ముందు పదునంచు దగ్గర మందం 0.8 మి.మీ. వదిలారు. బఫింగ్ మోటారును పిడుల చెక్క పనికి మార్చుకున్నారు.